మెట్టు లేని బండి

రండర్రా, డాబా మీద చాప పరిచాను. సముద్రపు గాలి ఇప్పుడిప్పుడే మళ్లింది. చిన్నోడా, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా వచ్చి కూర్చో. అమ్మడూ, వంటింట్లోంచి రెండు స్టీలు గ్లాసులు పట్రా, కాస్సేపట్లో వాటితో పనుంది. ఇవాళ్టి కబురు మీ నానమ్మ మోకాలి దగ్గర మొదలవుతుంది, ట్రాము బండి దాకా వెళుతుంది.

పొద్దున్న మేమిద్దరం కూర్మన్నపాలెంలో బస్సెక్కాం. ఎక్కాం అంటే, నేనెక్కాను. మీ నానమ్మ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి మోకాలి మీద ఆనించి, ఊపిరి బిగబట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. వెనకాల ఉన్న కాలేజీ అమ్మాయి నడుం దగ్గర చెయ్యేసి సాయం పట్టింది, చల్లగా ఉండాలి ఆ పిల్ల. సీట్లో కూర్చుని ఆయాసం తీరాక మీ నానమ్మ అడిగింది: "ఏవండీ, మెల్‌బోర్న్‌లో ఎక్కిన బండికి మెట్టే లేదు కదా! ఆ మెట్టుని ఏం చేశారంటారూ?"

ఎంత మంచి ప్రశ్నో చూశారా! మీ అత్తయ్య దగ్గరికి వెళ్లినప్పుడు 96 నంబరు ట్రాములో సెయింట్ కిల్డా బీచికి వెళ్లాం. ప్లాట్‌ఫారం మీంచి బండిలోకి అడుగు వేస్తే, హాల్లోంచి వరండాలోకి వెళ్లినట్టే ఉంది. మీ నానమ్మ అక్కడ నా చెయ్యి కూడా పట్టుకోలేదు. మరి ఆ మెట్టు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదర్రా. మనుషుల మోకాళ్ల మీంచి లేచి ఇంజనీర్ల నెత్తి మీద కూర్చుంది. అదెలాగో చెప్తాను వినండి.

ముందు మెట్టంటే ఎంత బరువో తెలుసుకోవాలి. బెర్లిన్‌లో పరిశోధకులు, మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లకి పెట్టే కృత్రిమ కీలులోనే కొలిచే పరికరం అమర్చి లెక్కలు తీశారు. చదును నేల మీద నడుస్తుంటే కీలు మీద పడే బలం ఒంటి బరువుకి సుమారు రెండున్నర రెట్లు. మెట్టెక్కేటప్పుడు మూడు రెట్లు దాటుతుంది. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ, మూడున్నర రెట్ల దాకా వస్తుంది. అరవై కిలోల మనిషి మెట్టు దిగుతుంటే ఆ చిన్న కీలు రెండు వందల కిలోలకి పైగా మోస్తుందన్నమాట! "ఎక్కడం కన్నా దిగడమే కష్టంగా ఉంది" అని ముసలివాళ్లు అంటే అది చాదస్తం కాదు, కొలిచి చూసిన నిజం.

ఇక కాలం లెక్క. మెట్టు లేకపోతే మనిషికి ఒక్క సెకను కలిసొస్తుందనుకుందాం. స్టాపుకి పదిహేను మంది ఎక్కీ దిగీ చేస్తే పదిహేను సెకన్లు. దారిలో ఇరవై స్టాపులుంటే అయిదు నిమిషాలు. రానూ పోనూ పది నిమిషాలు. కాబట్టి మెట్టు తీసేస్తే బాగుపడేది మోకాలి నొప్పి ఉన్నవాళ్లు మాత్రమే కాదు, బండిలో ఉన్న అందరూ ఇంటికి ముందే చేరతారు.

మన విశాఖలో ట్రాము ఎప్పుడూ నడవలేదు గానీ, తెలుగువాళ్లకి అది కొత్తది కాదు. దేశంలో మొట్టమొదటి కరెంటు ట్రాము 1895లో మద్రాసులో నడిచింది. లండన్ వీధుల్లోకి కరెంటు ట్రాము వచ్చింది 1901లో, కలకత్తాలోకి 1902లో. చదువుకీ, అచ్చు పనికీ, సినిమాలకీ మద్రాసు చేరిన తెలుగువాళ్లు ఎంతోమంది ఆ ట్రాముల్లోనే తిరిగారు. 1953 ఏప్రిల్‌లో ఆ ట్రాములు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంటే మద్రాసు ట్రాము ఆఖరి గంట కొట్టిన ఆరు నెలలకి మన రాష్ట్రం పుట్టిందన్నమాట.

ఆ పాత బండ్లన్నిటికీ మెట్లుండేవి. ఎందుకుండేవో ఇప్పుడు చూద్దాం. ఆ గ్లాసులు ఇలా ఇవ్వు అమ్మడూ.

చూడండి, గ్లాసు మూతి వెడల్పు, అడుగు సన్నం. రెండు గ్లాసుల మూతులూ ఒకదానికొకటి ఆనించి టేపు చుట్టాను. ఇప్పుడిది నడుమ లావు, చివర్లు సన్నం. చిన్నోడా, ఆ రెండు కర్రల్నీ పట్టాల్లాగా పక్కపక్కన పెట్టి, ఒక చివర పుస్తకం మీదకి ఎత్తు. మెల్లగా దొర్లించు. చూశావా, కాస్త వంకరగా వదిలినా, అటూ ఇటూ ఊగి తనంతట తానే మధ్యకి వచ్చేసింది! ఇప్పుడు టేపు విప్పి గ్లాసుల అడుగులు రెండూ కలిపి అతికిద్దాం. దొర్లించు. అదిగో, రెండు జానలు వెళ్లిందో లేదో పక్కకి పడిపోయింది.

రైలు చక్రాల జత మొదటి గ్లాసుల జత లాంటిది. చక్రం అంచు కంటికి తిన్నగా కనిపిస్తుంది గానీ, లోపలి వైపు కాస్త లావుగా, బయటి వైపు కాస్త సన్నంగా వాలు చెక్కి ఉంటుంది. రెండు చక్రాల్నీ ఒకే ఇరుసుకి బిగిస్తారు. చక్రం తిరిగితే ఇరుసూ తిరగాల్సిందే, ఇరుసు తిరిగితే రెండో చక్రమూ తిరగాల్సిందే. జత ఎడమకి జరిగిందనుకో, ఎడమ పట్టా మీద చక్రం లావు భాగం ఆనుతుంది, కుడి పట్టా మీద సన్న భాగం ఆనుతుంది. ఒక చుట్టు తిరిగేసరికి ఎడమ చక్రం ఎక్కువ దూరం పోతుంది, కుడిది తక్కువ పోతుంది. దాంతో జత తనంతట తానే కుడికి మళ్లి మధ్యకి చేరుతుంది. మలుపు తిరిగేటప్పుడు కూడా ఇదే సూత్రం. స్టీరింగు లేకుండా రైలు దారి తప్పకపోవడానికి మూలం ఈ వాలే. చక్రం లోపలి అంచున ఉండే గట్టు ఆపదలో కాపాడే కావలివాడు మాత్రమే.

నేను బతుకంతా ఉక్కుతో గడిపినవాణ్ని. చక్రమూ ఉక్కే, పట్టా కూడా ఉక్కే అయితే దొర్లేటప్పుడు అడ్డు ఎంత తక్కువో నాకు తెలుసు. రోడ్డు మీద రబ్బరు టైరుకి పట్టే బలంలో చిన్న వంతు చాలు. మన విశాఖ ఉక్కువాళ్లు రాయ్‌బరేలీ జిల్లా లాల్‌గంజ్‌లో ఏకంగా రైలు చక్రాల కర్మాగారమే కట్టారు. ఆ చక్రాల ఘనత నాకెప్పుడూ గొప్పే. కానీ ఇరుసుతోనే చిక్కంతా వచ్చింది.

ట్రాము చక్రం అడ్డకొలత సుమారు అరవై, అరవై అయిదు సెంటీమీటర్లు. దాని నడుమ ఇరుసు, నేలకి ముప్పై సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఇరుసుకి తన మందం ఉంది. దాని పక్కన మోటారు, పళ్ల చక్రాల పెట్టె ఉంటాయి. గతుకుల్లో ఊగడానికి స్ప్రింగులకి కొంత జాగా వదలాలి. ఇవన్నీ కలిపితే బండి నేల సుమారు మూడడుగుల ఎత్తుకి పోతుంది. అందుకని తలుపు దగ్గర రెండు మూడు మెట్లు. వందేళ్ల పాటు అది అలాగే ఉండాలి కాబోలు అని అందరూ సర్దుకుపోయారు.

సర్దుకుపోనిది ఎవరో తెలుసా? చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లు. ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊళ్లో కొత్త ట్రాము వేయాలనుకున్నప్పుడు, వికలాంగుల సంఘాలు ముందుకొచ్చి, మేమెక్కలేని బండి మా ఊరికి ఎందుకని నిలదీశాయి. 1987లో అక్కడ నడిచిన ట్రాము నేల భూమికి సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంది, తలుపులన్నీ ఆ తగ్గు భాగంలోనే పెట్టారు. మోటార్లున్న రెండు చివర్లు మాత్రం ఎత్తుగానే ఉండిపోయాయి. 1990లో జర్మనీలోని బ్రెమెన్‌లో, ముందు నుంచి వెనక దాకా నేలంతా తగ్గులోనే ఉన్న బండి వచ్చింది. తర్వాత వియన్నావాళ్లు తలుపు దగ్గర ఎత్తుని 18 సెంటీమీటర్లకి దించారు. మన జాన కొలతకి అటూ ఇటూగా అన్నమాట!

ఎలా దించారంటావా చిన్నోడా? అడ్డొచ్చిన ఇరుసుని తీసేశారు. మీ ముత్తాతగారి రెండెడ్ల బండి తలుచుకోండి. దానికీ ఇరుసుంది గానీ, ఆ ఇరుసు తిరగదు. రెండు చక్రాలూ దేని దారిన అది తిరుగుతాయి. కొత్త ట్రాములో చాలామంది పట్టుకున్నది ఆ సూత్రమే. ఎడమ చక్రం వేరు, కుడి చక్రం వేరు. వాటిని కలిపే దూలాన్ని నడుమ కిందికి వంచి, పట్టాల దగ్గరగా పోనిచ్చారు. ఆ పల్లంలోంచి మనం నడిచే దారి వేశారు. మోటార్లని చక్రాల బయటి పక్కకి జరిపారు. చక్రాలు లోపలికి పొడుచుకొచ్చిన చోట గూళ్లలాగా పెట్టెలు కట్టి, వాటి మీద సీట్లు వేశారు. ట్రాములో కొన్ని సీట్లు అరుగు మీద ఉన్నట్టు ఎత్తుగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందా? మీరు కూర్చున్నది చక్రం నెత్తి మీద!

మరి గ్లాసుల సూత్రం ఏమయింది? రెండు చక్రాలూ విడిపోయాక, ఒకటి ఎక్కువ దూరం పోవాలి, రెండోది తక్కువ పోవాలి అన్న పట్టింపు పోయింది. తనంతట తాను మధ్యకి వచ్చే గుణమూ పోయింది. ఎడ్లబండికి ఆ చింత లేదు, దారి చూపడానికి ఎడ్లున్నాయి. ట్రాముకి ఎడ్లు లేవు. మలుపులో చక్రం గట్టు వెళ్లి పట్టాని రాసుకుంటుంది, కీచుమని అరుస్తుంది, రెండూ అరుగుతాయి. అందుకే కొందరు ఇరుసుని ఉంచేసి, చక్రాలు చిన్నవి చేసి, ఆ చోట నేలని మెల్లని వాలుగా లేపి దించారు. కొందరు మోటార్లకి కంప్యూటరు తగిలించి ఏ చక్రం ఎంత తిరగాలో చెప్పిస్తున్నారు. ఒక ఇరుసు తీసినందుకు ఎంత తెలివి ఖర్చయిందో చూడండి.

ఇంకొకటుంది. పాత బండిలో నేల కింద ఉండే కరెంటు పెట్టెలన్నీ ఎక్కడ పెట్టాలి? పైకప్పు మీద పెట్టారు. అటక మీద బియ్యం బస్తాలు పెడితే గోడలు ఎంత గట్టిగా ఉండాలి? ట్రాముకీ అంతే. పైన బరువు పెరిగితే మలుపులో బండి ఒళ్లు మెలితిరుగుతుంది. జర్మనీ సీమెన్స్ వాళ్ల కాంబినో అనే రకం ఎన్నో దేశాల్లో నడుస్తుండగా, దాని అల్యూమినియం ఒంట్లో అతుకుల దగ్గర పగుళ్లు బయటపడ్డాయి. 2004లో, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటిన బండ్లని నడపకుండా ఆపమని ఆ సంస్థే చెప్పింది. తర్వాత వాటిని బాగుచేసి, గట్టిపరిచింది. నేలని దించడం సులువనుకున్న ప్రతివాళ్లూ ఈ పాఠం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మీ నానమ్మ ఎక్కిన బండి సంగతి. మెల్‌బోర్న్‌వాళ్లు దాన్ని ‘E’ క్లాసు అంటారు. బొంబార్డియర్ కంపెనీ ఫ్లెక్సిటీ స్విఫ్ట్ రకం. ఆ ఊరి శివారులోని డాండెనాంగ్‌లోనే తయారైంది. మన తెలుగువాళ్లు ఎంతోమంది ఆ ఊళ్లో, ఆ చుట్టుపక్కలే ఉంటారు. 2013 నవంబరులో మొదటి బండి 96 నంబరు దారిలో నడిచింది. 2021 నాటికి వంద బండ్లు పూర్తయ్యాయి. ఒక్కోటి 33 మీటర్లకి పైగా పొడవు. మూడు భాగాలు, వాటి నడుమ అకార్డియన్ మడతల్లాంటి కీళ్లు. 210 మంది పడతారు. అంత పొడవున్నా చివరి నుంచి చివరి దాకా ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా నడిచిపోవచ్చు.

అయినా అక్కడ ఒక లోటు చూశాను, దాచను. తిరిగి వచ్చేటప్పుడు ఇంకో దారిలో ఒక స్టాపు దగ్గర ప్లాట్‌ఫారమే లేదు. రోడ్డు మీంచే ఎక్కాలి. బండి నేల తగ్గే గానీ, రోడ్డు ఇంకా తగ్గు. మెట్టు మళ్లీ వచ్చేసింది! ఇది నా ఒక్కడి మాట కాదు. విక్టోరియా రాష్ట్ర ఆడిటర్ జనరల్ 2020లో లెక్క తేల్చారు: 2018-19లో మెట్టు లేని బండి, దానికి సమమైన ప్లాట్‌ఫారం రెండూ కలిసొచ్చిన ట్రాము సేవలు 15 శాతమే. ప్రపంచంలోనే అతి పెద్ద ట్రాము వ్యవస్థ ఉన్న ఊరి సంగతి ఇది. తలుపు, గడప రెండూ ఒక మట్టానికి రావాలి. ఒకటి కొని రెండోది మరిచిపోతే డబ్బు పోతుంది, మెట్టు మిగులుతుంది.

అమ్మడు అడగబోయేది నాకు తెలుసు. మన వైజాగ్‌కి వస్తుందా తాతయ్యా అని కదూ? కాగితం మీదకి ఒకసారి వచ్చింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం విశాఖకి సుమారు 80 కిలోమీటర్ల లైట్ మెట్రోతో పాటు 60 కిలోమీటర్ల ఆధునిక ట్రాముకి కూడా ప్రాజెక్టు నివేదికలు తయారు చేయించాలని నిర్ణయించింది. తర్వాత ప్రణాళికలు మారాయి. 2024 డిసెంబరులో ఆమోదించిన మొదటి దశ 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. స్టీలు ప్లాంటు గేటు నుంచి కొమ్మాది దాకా పెద్ద దారి, ఇంకో రెండు చిన్న దారులు. అవన్నీ మెట్రో దారులే. స్తంభాల మీద పోయే మెట్రోకి స్టేషను పైన ఉంటుంది కాబట్టి, అక్కడ మెట్టు సమస్య లిఫ్టు సమస్యగా మారుతుంది. లిఫ్టు పాడైన రోజు మీ నానమ్మ మళ్లీ కిందే నిలబడిపోతుంది.

ఎప్పుడైనా మన ఊరికి ట్రాము వస్తే ఉప్పుగాలినీ తుపానునీ లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో మీరు రోజూ చూస్తున్నదే. రోడ్డులో పాతిన పట్టాకి గాడి ఉంటుంది, ఆ గాడిలో వానకి మట్టి, ఇసుక చేరతాయి, రోజూ శుభ్రం చేసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మీరు లేరు గానీ, స్తంభాలు, తీగలు ఎలా నేలకొరిగాయో నేను చూశాను. మామూలుగా ట్రాముకి కరెంటు వచ్చేది తలపైన తీగలోంచే. దానికీ ఒక దారి ఉంది. దుబాయిలో 2014 నవంబరు నుంచి నడుస్తున్న ట్రాముకి తీగే లేదు. పట్టాల నడుమ మూడో పట్టా ఒకటుంటుంది, అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. బండి ఏ ముక్క మీద ఉంటే ఆ ముక్కకే కరెంటు వస్తుంది. బండి దాటగానే ఆ ముక్క చల్లబడుతుంది, మనిషి కాలు పెట్టినా ఏమీ కాదు. ఈ పద్ధతి మొదట 2003లో ఫ్రాన్సులోని బోర్డోలో వచ్చింది. కొత్తలో నీళ్లు నిలిచినప్పుడు వాళ్లు ఇబ్బందులు పడ్డారు, సరిదిద్దుకున్నారు. మనకైతే కాలువలు సరిగ్గా పోయే చోటే అది పనికొస్తుంది.

చీకటి పడుతోంది, రేవులో దీపాలు వెలిగాయి. ఆఖరి మాట చెప్తాను, పెద్దయ్యాక గుర్తుంచుకోండి. మీలో ఎవరో ఇంజనీరు కావచ్చు, ఎవరో ఆఫీసరు కావచ్చు, ఎవరో ఊరికి ఏ బండి కొనాలో తేల్చే బల్ల దగ్గర కూర్చోవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ప్రయాణ సాధనాలు అందరికీ అందుబాటులో ఉండాలని అది చెబుతోంది. ట్రామైనా, మెట్రో అయినా, మామూలు సిటీ బస్సయినా మొదట అడగాల్సింది అది ఎంత వేగం పోతుందని కాదు. ఇందులోకి ఒక ముసలమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలదా అని అడగండి. ‘ఎక్కలేదు’ అని జవాబు వస్తే, ఆ మెట్టుని మోసే పని ఆవిడది కాదు, మనదని చెప్పండి. ఇంజనీర్లు ఇరుసుని వంచారు, మోటార్లని జరిపారు, బరువంతా కప్పు మీదకెత్తారు. అంటే అది సాధ్యమని తేలిపోయింది. ఇక కావలసింది మనం అడగడమే.

లేవండర్రా, నానమ్మ అన్నానికి పిలుస్తోంది. డాబా మెట్లు దిగేటప్పుడు ఒకరు ముందు వెళ్లి, కింద లైటు వెయ్యండి.